కదిలితే ఎర్రచుక్క

సుభాషిణికి చదువు మీద ఏకాగ్రత లేదని విద్యాపీఠం వారు శాస్త్రీయంగా తేల్చిన సాయంత్రం, ఆమె వంటింట్లో వంకాయలు తరుగుతూ జాతీయాదాయం గురించి పాఠం వింటోంది.

సుభాషిణిది జగ్గయ్యపేట. అంగన్‌వాడీ టీచరు. ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలోనే పెళ్ళయింది. తర్వాత ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఉద్యోగం. సూపర్‌వైజరు పోస్టుకు డిగ్రీ ఉండాలని పైవాళ్ళు చెప్పడంతో, నలభై దాటాక సార్వత్రిక జీవనపర్యంత విద్యాపీఠం వారి బి.ఏ.లో చేరింది. చదువంతా ఆన్‌లైన్‌లోనే. ‘ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా’ అన్నది విద్యాపీఠం నినాదం. క్లాసు మాత్రం రోజూ సాయంత్రం ఆరున్నరకే. ఇళ్ళల్లో అందరికీ ఒకేసారి ఆకలి వేసే వేళ అదేనని ఆ నినాదం రాసినాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పోస్టు కోసమే చేరింది గానీ, చేరాక ఆమెకు చదువు రుచి తగిలింది. ఉల్లిపాయల ధర ఎందుకు ఎగురుతుందో, పన్ను చివరికి ఎవరి నెత్తిన పడుతుందో తెలుస్తుంటే కూరలో ఉప్పు వేశానా లేదా అన్నది కూడా మర్చిపోయేది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. ఈ ఏడాది పాసవకపోతే పోస్టుకు వయసు దాటిపోతుంది.

అదే కోర్సులో ఆమె భర్త పుల్లారావూ చేరాడు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు అసిస్టెంటు. ప్రమోషనుకు ఆయనకూ డిగ్రీ కావాలి. ఒకే ఇల్లు, ఒకే పాఠం, రెండు ఫోన్లు. పుల్లారావు ఫోను ముందుగదిలో టేబులు మీద స్టాండులో ఉంటుంది. ఆయన తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాను కింద చేతుల కుర్చీలో కూర్చుంటాడు. సుభాషిణి ఫోను వంటింటి గట్టు మీద చింతపండు జాడీకి ఆనుకుని ఉంటుంది. ఆమె నిలబడి వింటుంది.

చివరి ఏడాదిలో విద్యాపీఠం వారు ‘అవధాని’ అనే యాప్‌ను ప్రవేశపెట్టారు. క్లాసు జరుగుతున్నంతసేపూ అది ఫోను కెమెరాలోంచి విద్యార్థి ముఖాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. తల పక్కకు తిరిగినా, ముఖం తెర దాటినా, పరాయి శబ్దం వినపడినా ఒక ఎర్రచుక్క పెడుతుంది. నూటిలోంచి చుక్కలు పోను మిగిలేదానికి నిశ్చలతా సూచిక అని పేరు. అది అరవైకి తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

“ఇంటిపనిని జాతీయాదాయంలో లెక్కవేయరు,” అంటున్నారు ఆ సాయంత్రం మాస్టారు. “ఎందుచేత? దానికి మార్కెట్టు విలువ లేదు గనుక.”

“అదేంటండీ? అదే పని నేను వేరే వాళ్ళింట్లో చేస్తే లెక్కలోకొస్తుందిగా?” అని అడిగింది సుభాషిణి. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, మంచి ప్రశ్నమ్మా అనబోయారు. అంతలో కుక్కరు కూత వేసింది. ఆమె తల తిప్పింది. ఎర్రచుక్క. స్టవ్వు తగ్గించడానికి వంగింది. ఎర్రచుక్క. “అమ్మా, నా సాక్సేవీ?” అని లోపలినుంచి కూతురు అరిచింది. ఇంకో ఎర్రచుక్క. క్లాసులో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న ఆమెదే, తెర మీద ఎక్కువ చుక్కలూ ఆమెవే.

ముందుగదిలో పుల్లారావు కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అది ఆయన ఆఫీసులో ఏళ్ళ తరబడి సాధించిన విద్య. కనురెప్పలు సగం దాకా వాలతాయి, మెడ నిలబడే ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే “చూద్దాం” అంటాడు, మళ్ళీ వెళ్ళిపోతాడు. అవధానికి ఆయన ముఖం బాగా నచ్చింది. తొంభై ఆరు ఇచ్చింది.

క్లాసు అయిపోగానే ఇద్దరి ఫోన్లకూ ప్రకటన వచ్చింది. అభ్యసన నాణ్యతా విభాగం డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు స్వయంగా రాసినది.

“గౌరవ అభ్యాసకులందరికీ తెలియజేయునది ఏమనగా, వయోజన విద్యార్థుల ఏకాగ్రతపై విద్యాపీఠము జరిపిన సమగ్ర అధ్యయనమున పురుషులు సగటున తొంభై ఒకటి, స్త్రీలు సగటున నలభై నాలుగు సాధించినట్లు తేలినది. స్త్రీ అభ్యాసకులలో సహజముగా గల చాంచల్యమే ఇందులకు కారణమని నిర్ధారించడమైనది. వారి అభ్యున్నతి కోరి చాంచల్య నివారణ శిక్షణ ఏర్పాటు చేయడమైనది.”

ఆ శిక్షణ ఉదయం ఏడింటికి. పిల్లల క్యారియర్లు సర్దే వేళకి.

మర్నాడు ఏడింటికి ఆడవాళ్ళంతా హాజరయ్యారు. శిక్షకుడు తెల్ల లాల్చీ వేసుకుని చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు. “కళ్ళు మూసుకోండి. ఈ క్షణాన మీకు చేయవలసిన పని ఏదీ లేదనుకోండి,” అన్నాడు మెత్తగా.

తెర మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్క చదరానికి పాకింది. చివరికి అందరూ నవ్వుతున్నారు. నందిగామలో బట్టలు కుట్టే రహమతున్నీసా అయితే కళ్ళు తుడుచుకుంటూ, “సార్, అలా అనుకుంటే మా ఆయన అన్నం డబ్బా మీరు పంపిస్తారా?” అని అడిగింది. అవధాని అందరికీ తలా ఒక చుక్క పెట్టింది, శిక్షకుడితో సహా.

ఆ రోజునుంచి రహమతున్నీసా సుభాషిణికి ఫోను స్నేహితురాలైంది. అక్కా అని పిలిచేది. ఇద్దరూ కలిసి డైరెక్టరు గారితో మాట్లాడించమని అడగ్గా అడగ్గా, ఒకరోజు ఆయన తెర మీద ప్రత్యక్షమయ్యారు. నున్నగా దువ్విన తల, వెనక పుస్తకాల బీరువా.

“సార్, క్లాసు టైమన్నా మార్చండి, లేదా రికార్డు చేసిన పాఠం వీలున్నప్పుడు వినే అవకాశమన్నా ఇవ్వండి,” అంది సుభాషిణి. “మేం వింటూనే ఉన్నాం. చెవులతో వింటున్నాం. ప్రశ్నలడగండి, చెబుతాం.”

“చూడమ్మా,” అన్నారు పరాంకుశం గారు. “విద్యాపీఠమునకు స్త్రీ పురుష భేదము లేదు. అవధానికి అసలే లేదు. దానికి తెలిసినది ఒక్కటే, కదులుచున్నారా, కదలుట లేదా. నిశ్చలతయే అభ్యసనము. చెవులతో వినుటయన్నది పాతకాలపు భావన.”

“మరి మగవాళ్ళు కదలకుండా ఎందుకుంటున్నారో కూడా అధ్యయనం చెయ్యండి సార్,” అంది రహమతున్నీసా.

“అది వారి క్రమశిక్షణ,” అన్నారు డైరెక్టరు గారు. అంతలో ఆయన పక్కన టీ కప్పు పట్టుకున్న ఒక చెయ్యి కనిపించింది. గాజులున్న చెయ్యి. కప్పు పెట్టి మాయమైంది. ఆయన తల తిప్పనవసరం లేకపోయింది.

తర్వాతి ఆదివారం ఒక విచిత్రం జరిగింది. ప్రత్యేక క్లాసు నడుస్తుండగా పుల్లారావుకు ఊరికే కూర్చోవడం కూడా విసుగనిపించి, మెల్లగా లేచి వీధి చివర బడ్డీకొట్టు దగ్గరికి పోయాడు. కుర్చీ ఖాళీ అయింది. కుర్చీ వెనక గోడ మీద ఆయన తండ్రి, కీర్తిశేషులు వీరరాఘవులు గారి ఫొటో ఉంది. తండ్రీ కొడుకులవి ఒకే పోలికలు, అదే మీసం, అదే సగం వాలిన చూపు. అవధాని ఒక్క క్షణం వెతుక్కుంది. వెనకనున్న ముఖం కనిపించింది, సరిపోయిందనుకుంది, చూస్తూ కూర్చుంది. ఆయన కదలలేదు. దగ్గలేదు. రెప్ప వెయ్యలేదు.

ఖాళీ టీ గ్లాసు కోసం వచ్చిన సుభాషిణికి ఫోను మీద పూలు రాలుతూ కనిపించాయి. “అభినందనలు! మీరు పరిపూర్ణ నిశ్చలత సాధించారు. నూటికి నూరు.”

ఆమె ఫోను వంకా ఫొటో వంకా మార్చి మార్చి చూసి, అత్తగారిని పిలిచింది. రంగమ్మ గారు విషయమంతా విని, భర్త ఫొటో ముందు నిలబడి తలాడించింది.

“బతికున్నప్పుడు కూడా ఇంతేనమ్మా మీ మామయ్య. ఎవరేం చెప్పినా ఇలాగే వినేవాడు.”

ఇక పుల్లారావు క్లాసుకు కూర్చోవడమే మానేశాడు. ఫోను పెట్టడం, తలుపు వెయ్యడం, బయటికి పోవడం. రోజూ నూటికి నూరే. విద్యాపీఠంలో ఇంతవరకూ ఎవరూ అందుకోని మెట్టది. పరాంకుశం గారు పొంగిపోయి పుల్లారావును ఆదర్శ అభ్యాసకుడిగా ప్రకటించారు. అంతటితో ఊరుకోక, “ఇకపై విద్యాపీఠపు ఏ ఆన్‌లైన్ సమావేశమునందైనా అధ్యక్షులు అందుబాటులో లేని పక్షమున, హాజరైనవారిలో అత్యధిక నిశ్చలత గలవారే అధ్యక్షత వహించెదరు. వారి సమక్షమున ఆమోదము పొందిన తీర్మానములు తక్షణమే అమలులోనికి వచ్చును,” అని ఉత్తర్వు కూడా జారీ చేశారు. నిశ్చలతకు అంతకన్న గౌరవం ఏముంటుందని ఆయన ఉద్దేశం.

“అక్కా, మనమూ ఫొటోలు పెట్టేద్దాం,” అంది రహమతున్నీసా.

“నా బదులు ఫొటో వింటే నాకేం వస్తుందే?”

“వినడం నువ్వే విను, పక్కన నిలబడి. చూపించడానికి ఫొటో.”

ఆ మాట బాగానే ఉందనిపించి సుభాషిణి తన ఫొటో కోసం ఇల్లంతా వెతికింది. పెళ్ళి ఫొటోలో పక్కన పుల్లారావు. బారసాల ఫొటోలో ఒళ్ళో పిల్లాడు. పుట్టినరోజు ఫొటోలో చేతిలో కేకు ప్లేటు, మొహం మీద ఎవరిదో భుజం. తిరుపతి ఫొటోలో అసలు లేదు, తీసింది తనే. ఒంటరిగా తనొక్కతే ఉన్న ఫొటో ఆ ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. పెళ్ళి ఫొటోనే జాడీకి ఆనించి చూస్తే అవధాని వెంటనే గద్దించింది. “తెరపై ఒకరికి మించి ఉన్నారు. ఇది మాల్‌ప్రాక్టీసుగా పరిగణించబడును.”

నందిగామలోనూ అదే కథ. రహమతున్నీసా దొరికించుకున్న ఒక్క ఫొటోలో ఆమె మిషను మీద వంగి ఉంది. నడినెత్తి పాపిట తప్ప ఏమీ కనిపించలేదు.

నెలాఖరుకు సుభాషిణి సూచిక ముప్పై తొమ్మిదికి దిగింది. పరీక్షకు అనర్హురాలని కబురొచ్చింది. అది చదివి ఆమె కాసేపు గట్టుకు ఆనుకుని అలాగే నిలబడింది. పప్పు మాడిన వాసన వచ్చేదాకా అలాగే ఉంది. ఆ సాయంత్రం అందరూ మాడిన పప్పే తిన్నారు.

“వచ్చే ఏడు రాద్దువులే,” అన్నాడు పుల్లారావు, మజ్జిగ పోసుకుంటూ.

“వచ్చే ఏటికి పోస్టుకి నా వయసు ఎక్కువైపోతుందండీ.”

“మరి కాస్త కదలకుండా ఉండాల్సింది.”

రంగమ్మ గారు కొడుకు చేతిలోంచి మజ్జిగ గిన్నె తీసుకుని, “నువ్వు లేచి మంచినీళ్ళు తెచ్చుకో,” అంది.

అనర్హులైన స్త్రీలంతా కలిసి ఫిర్యాదు పెట్టారు. నిబంధనల ప్రకారం విచారణ జరపక తప్పదు. ఆదివారం ఉదయం పదింటికి ఆన్‌లైన్‌లో సమావేశం. అధ్యక్షులు డాక్టర్ పరాంకుశం గారు, కార్యదర్శి సహాయ రిజిస్ట్రారు చిదంబరరావు గారు, విద్యార్థి ప్రతినిధిగా ఆదర్శ అభ్యాసకుడు పుల్లారావు. చిదంబరరావు గారు నియమాలనే ఉచ్ఛ్వాస నిశ్వాసాలుగా చేసుకుని బతికే మనిషి. నియమంలో ఉంటే గోడకైనా నమస్కారం పెడతాడు.

ఆ ఉదయం పుల్లారావు ఎప్పటిలాగే ఫోను స్టాండులో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, క్షవరానికి పోయాడు. సుభాషిణి వంటింట్లో ఫోను తెరిచింది. పై వరుసలో డైరెక్టరు గారు, పక్కన చిదంబరరావు గారు, ఆ పక్కన మామగారు.

“ముందుగా నేనొక విషయము స్పష్టము చేయదలచితిని,” అని మొదలుపెట్టారు పరాంకుశం గారు. “శ్రద్ధ గల మనిషి ఎచటనున్ననూ...”

ఎక్కడో కుక్కరు కూసింది. ఈసారి సుభాషిణిది కాదు.

డైరెక్టరు గారి భార్య ఆ పొద్దున్న చెల్లెలి కూతురి సీమంతానికి వెళ్ళింది. వెళ్తూ, మూడు కూతలు రాగానే కట్టెయ్యమని చెప్పింది. మనవరాలిని కూడా చూసుకోమంది. ఆయన సరేనన్నారు, ఎందుకంటే అవి పనులని ఆయనకు తెలియదు.

“...ఎచటనున్ననూ, ఏకాగ్రత...” రెండో కూత. ఆయన తల తిప్పారు. అవధాని చుక్క పెట్టింది. “తాతా, ఆయి!” అని ఒక చిన్న గొంతు వినిపించింది. ఆయన లేవబోయి కూర్చున్నారు. చుక్క. మూడో కూత. లేచారు. తెర మీద పుస్తకాల బీరువా మాత్రమే మిగిలింది. లోపలినుంచి “ఇదెక్కడ కట్టాలి? ఏ వైపు తిప్పాలి?” అన్న అరుపులు, వాటి మీద నాలుగో కూత, ఐదో కూత, ఏదో పడ్డ చప్పుడు, పసిపిల్ల ఏడుపు. బీరువా మీద ఎర్రచుక్కలు దడదడా రాలాయి. కాసేపటికి ఆయన చదరం నల్లబడి, దాని మీద తెల్లని అక్షరాలు వచ్చాయి. “ఈ అభ్యాసకునికి నేర్చుకొను ఆసక్తి లేనట్లు గుర్తించి తొలగించడమైనది.”

చిదంబరరావు గారు ఉత్తర్వు తీసి చదివి, దాన్ని మడిచి పెట్టి, లేచి నిలబడ్డారు.

“నియమము ప్రకారము అత్యధిక నిశ్చలత గల శ్రీ పుల్లారావు గారు అధ్యక్ష స్థానము అలంకరించవలసినదిగా కోరుచున్నాను.”

వీరరాఘవులు గారి చదరం పెద్దదై తెర నిండా పరుచుకుంది. ఫొటోకు వేసిన గంధపుచెక్కల దండ కూడా కనిపించింది. సన్మానం తాలూకు దండ అనుకున్నారు చిదంబరరావు గారు. చేతులు జోడించారు.

“అధ్యక్షుల అనుమతితో ఫిర్యాదుదారులు మాట్లాడవచ్చును.”

ఈ ఇంట్లో మామగారి ఎదుట సుభాషిణి ఎన్నడూ నోరు విప్పి ఎరగదు. గట్టు అంచు పట్టుకుని మొదలుపెట్టింది. “అయ్యా, మేం అడిగేవి మూడే. ఇంట్లో పని చేస్తూ కదిలితే చుక్క పెట్టొద్దు. పాఠం ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు విననివ్వండి. పరీక్ష హాల్లో రాసే పరీక్షకి ఇంట్లో కూర్చున్న తీరుని అడ్డం పెట్టొద్దు. మాకు ఏం వచ్చో పరీక్షలో చూడండి.”

“అధ్యక్షుల వారికి అభ్యంతరమున్నదా?” అని అడిగారు చిదంబరరావు గారు.

సరిగ్గా అప్పుడే వీధి గేటు చప్పుడైంది. పుల్లారావు సగం క్షవరంతో తిరిగొచ్చాడు. మంగలి షాపులో కరెంటు పోయిందట. గుమ్మంలోనే, “ఏమేవ్, నా దువ్వెనేది?” అని గొంతెత్తబోయాడు. రంగమ్మ గారు అడ్డంగా వచ్చి నోటి మీద వేలేసుకుంది.

“అరవకురా. లోపల మీ నాన్న మీటింగులో ఉన్నారు.”

పుల్లారావు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. వంటింట్లో సుభాషిణి కళ్ళు మూసుకుంది. చిదంబరరావు గారు మర్యాదగా ఇంకొంచెంసేపు ఎదురుచూశారు.

“అభ్యంతరము లేదు. తీర్మానములు మూడునూ ఆమోదించబడినవి. అధ్యక్షుల వారు సమావేశమును ఇంత గంభీరముగా నిర్వహించినందులకు విద్యాపీఠము తరఫున ధన్యవాదములు.”

సాయంత్రానికల్లా, సమావేశం రికార్డింగులో ఆ దండ చూసి, పరాంకుశం గారికి నిజం తెలిసింది. చేతికి కట్టుతో, ఫోను ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. తీర్మానాలు కొట్టెయ్యాలంటే అధ్యక్షులు గోడ మీది ఫొటో అని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అప్పుడు ఆ ఫొటోకు నూటికి నూరు ఇచ్చిందెవరు, ఆదర్శ అభ్యాసకుడిగా ప్రకటించిందెవరు అన్న ప్రశ్నలొస్తాయి. “తీర్మానములు విద్యాపీఠపు ప్రగతిశీల దృక్పథమునకు నిదర్శనములు,” అని మర్నాడు ప్రకటన వెలువడింది.

పుల్లారావు నాలుగు రోజులు మొహం మాడ్చుకు తిరిగాడు. ఐదో రోజు సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి, “ఆ జాతీయాదాయం సంగతేంటో కాస్త చెప్పు. పరీక్షకి నాన్న రాడుగా,” అన్నాడు.

“చెబుతాను. ఆ వంకాయలు ముందు పెట్టుకుని, కత్తిపీట తీసుకోండి.”

కూర ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం అయ్యాయి గానీ, ఆయన మొదటిసారి మెలకువగా పాఠం విన్నాడు.

పరీక్ష ఊళ్ళోనే ఒక కాలేజీలో జరిగింది. పొడుగాటి హాలు, వరసగా బెంచీలు, పైన ఫ్యాన్లు. సుభాషిణి పేపరు చూసింది. అన్నీ తెలిసినవే. ఎక్కడా ఆగకుండా రాసుకుపోయింది. ముందు వరసలో పుల్లారావు రెండుసార్లు తల గోక్కున్నాడు, మూడోసారి ఏదో గుర్తొచ్చి గబగబా రాశాడు. తర్వాత ఫలితాల్లో ఆయన ఎలాగో గట్టెక్కాడు. సుభాషిణికి ఫస్టు క్లాసు వచ్చింది, పోస్టూ వచ్చింది. విద్యాపీఠం వారు ఆ పరీక్ష మీద కూడా అధ్యయనం చేసి, పురుషులు గంట ముందే హాలు విడిచారనీ, స్త్రీలు ఆఖరి గంట దాకా ఉండిపోయారనీ, కనుక స్త్రీలలో వ్రాత వేగము మందమనీ తేల్చి, శీఘ్రలేఖన శిక్షణ ప్రకటించారు.

ఆఖరి గంట దాకా ఉండిపోయిన మాట నిజమే.

మగవాళ్ళంతా ఒక్కొక్కరే కాగితాలిచ్చి వెళ్ళిపోయారు. సుభాషిణి కూడా రాయడం ముగించి, కాగితాలు కట్టి, పెన్ను మూత పెట్టింది. హాలు పర్యవేక్షిస్తున్న మాస్టారు దగ్గరికొచ్చారు.

“అయిపోయింది కదమ్మా, ఇచ్చేసి వెళ్ళొచ్చు.”

“టైముందిగా సార్?”

“ఉందనుకోండి. ఇంకేమైనా రాయాలా?”

“ఏం లేదండీ. టైమయ్యేదాకా ఊరికే కూర్చుంటాను.”

ఆయనకు అర్థం కాలేదు. పక్క బెంచీలో రహమతున్నీసా కూడా కాగితాలు కట్టేసి ఉంది. దాని వెనక బెంచీలోని ఆమె, కిటికీ పక్కనామె, అందరూ అంతే.

“అయిపోయిందా అక్కా?” అని గుసగుసగా అడిగింది రహమతున్నీసా.

“ఎప్పుడో.”

“మరి లేవవేం?”

“నువ్వు లేవరాదూ?”

రహమతున్నీసా ఫ్యాను వంక చూసింది. చెప్పులు విడిచి, కాళ్ళు బెంచీ కిందికి చాపుకుంది. చెక్క మీద మోచెయ్యి ఆనించి, అరచేతిలో గడ్డం పెట్టుకుంది.

“పోనీలే,” అంది. “పాపం, ఫ్యాను తిరుగుతోంది కదా.”